మద్దిలేటి కొత్త ట్యూబు

“మా అక్కంటే నాకు ప్రాణం సామీ. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అట్లాంటప్పుడు పనిగట్టుకుని పోయి కనపడకపోతే మాత్రం ఏం తక్కువైతాది?”

నంద్యాల సీమలో తత్వాలు పాడుకుంటూ తిరిగే ఓబయ్య సామిని ఆయన శిష్యుడు మద్దిలేటి ఈ మాట అడిగింది సైకిలు తొక్కుతూనే. ఇద్దరూ చెరో సైకిలు మీద పొరుగూరి భజనకు బయలుదేరారు. మద్దిలేటి క్యారియరు మీద హార్మోనియం పెట్టె ఉంది. అడగడానికి ప్రశ్నలాగే అడిగాడు గానీ, అతనికి కావలసింది జవాబు కాదు, వత్తాసు. తల్లి పోయాక తనను సాకి పెద్దచేసిన అక్క సుంకులమ్మ పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆమె కొత్త ఇంట్లో చేరిన రోజున పుట్టింటి చీర పట్టుకుపోవలసిన తమ్ముడు, తన పిండిమర మూస్తే గిరాకీ పోతుందని ఆగిపోయాడు. తర్వాత పోదామంటే మొహం చెల్లలేదు. అట్లా అట్లా మూడేళ్ళయింది. మొదట్లో అక్క రెండుసార్లు కబురు పెట్టింది, ఇప్పుడు అదీ లేదు. పోయి రమ్మని భార్య రోజూ పోరుతోంది. గురువు చేత ఒక్క మాట అనిపించుకుంటే ఆమె నోరు మూయించవచ్చునని మద్దిలేటి ఎత్తు.

ఓబయ్య సామి విన్నాడు, ఊకొట్టాడు. అడిగినవాడు కాస్త దూరం తొక్కితేగాని జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఎండ తగలకుండా త్వరగా చేరదామని చేలగట్ల వెంట అడ్డదారి పట్టారు. ఆ దారిలో దేనికి కరువున్నా పల్లేరుకాయలకు లేదు. సగం దూరం పోయేసరికి మద్దిలేటి వెనక చక్రం గాలి పోయి నేలకు దిగిపోయింది. టైరు ఊడదీసి చూస్తే ట్యూబు నిండా ముళ్ళే. గాలి కొట్టే చోట జానెడు చీలిక. అతుకులేసి లాభం లేదు.

మద్దిలేటి ఏమాత్రం దిగులుపడలేదు. “నా దగ్గర కొత్తదుంది సామీ,” అంటూ సీటు కింది సంచిలోంచి అట్టపెట్టె తీశాడు. ఐదేళ్ళ కిందట కొని, అవసరానికి పనికొస్తుందని అందులో పెట్టి మరిచిపోయిన ట్యూబు అది. మడతలు విప్పబోతే ఒకదానికొకటి అంటుకుని రాలేదు. బలవంతాన విడదీసి పంపుతో గాలి కొట్టాడు. మడత పడిన ప్రతిచోటా రబ్బరు పగిలి ఉంది. కొట్టిన గాలి కొట్టినట్టే బయటికి పోయింది.

“కొత్తది సామీ. ఒక్కరోజన్నా వాడలేదు,” అన్నాడు నమ్మలేక.

“ఎప్పుడన్నా విప్పి చూసినావా?”

“ఉండాది కదా అని ఊరుకున్నా.”

అనేశాక మద్దిలేటి చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. అక్క కబురు పెట్టడం మానేసిందంటే కోపం తగ్గింది కాబోలునని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తగ్గింది కోపం కాదేమోనని మొదటిసారి తోచింది.

గురువు తన సంచి తెరిచి, పాత పంచె ముక్కలో చుట్టిన ట్యూబు బయటికి తీశాడు. అది కొత్తదేమీ కాదు, నాలుగు అతుకులున్న ముసలి ట్యూబు. ప్రతి అమావాస్యకూ ఆయన దాన్ని విప్పి, కొంచెం గాలి పట్టించి చూసి, పౌడరు చల్లి, పాత మడత మీదే మళ్ళీ మడత పడకుండా చుట్టిపెట్టేవాడు. పుట్టి బుద్ధెరిగి మొహానికి పౌడరు రాసుకోని మనిషి ట్యూబుకు రాస్తున్నాడని శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వింది మద్దిలేటే. ఇప్పుడు తలెత్తకుండా దాన్ని చక్రానికి ఎక్కించాడు. గాలి నిలిచింది.

అడ్డదారి తారురోడ్డులో కలిసేచోట ఎడమకు తిరిగితే భజన ఊరు, కుడికి తిరిగితే సుంకులమ్మ ఊరు. మద్దిలేటి కాలు కింద ఆనించి అక్కడే నిలబడిపోయాడు. సామి సైకిలు దిగి, హార్మోనియం పెట్టె తాడు విప్పి తన క్యారియరు మీదికి మార్చుకున్నాడు. ఆయనకు హార్మోనియం వాయించడం రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“చేతిలో చీరన్నా లేదు సామీ.”

“చీర దొరికిందాకా ఆగితే ఇంకో మూడేండ్లు పడతాది.”

మద్దిలేటి సైకిలును కుడివైపు తిప్పాడు. రెండడుగులు పోయి మళ్ళీ ఆగాడు. చిన్నప్పుడు చెరుకు దొంగిలించి ఇంటికొచ్చి గడపలో నిలబడ్డప్పటి గొంతు వచ్చింది అతనికి.

“అక్క తిడితే?”

“తిడితే అక్కడే కూర్చో నాయనా,” అన్నాడు ఓబయ్య సామి, పెట్టెకు తాడు బిగిస్తూ. “చుట్టానికి చేసినట్టు మర్యాద చేస్తేనే భయపడాల.”