లాకు ఇస్సాకు మూడు ప్రార్థనలు

ఊఁ కొట్టేవాళ్లుంటే చెబుతాను. కాలవల మీద పడవలే తప్ప రోడ్డు మీద బస్సు ఎరగని రోజుల్లో, గోదారి కాలవ మీద ఒక లాకు ఉండేది. ఆ లాకుకి ఒక మనిషి ఉండేవాడు. పేరు ఇస్సాకు. లాకు ఇస్సాకంటే పై ఊళ్లకీ తెలుసు, కింది ఊళ్లకీ తెలుసు.

లాకంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. పైన కాలవ ఎత్తు, కింద కాలవ పల్లం. మధ్యలో రెండు జతల పెద్ద తలుపులు. కింది నుంచి పడవ వచ్చి ఆ తలుపుల మధ్య ఆగుతుంది. వెనక తలుపులు మూస్తారు. చక్రం తిప్పితే తూము పలక లేచి నీళ్లు లోపలికి వస్తాయి. పడవ మెల్లగా పైకి లేస్తుంది. లోపలి నీళ్లూ పై నీళ్లూ సమానమైతే ముందు తలుపులు తెరుస్తారు. దాన్నే నీళ్లు కలవడం అనేవారు.

ఆ చక్రం తిప్పడమే ఇస్సాకు పని. చూడ్డానికి చిన్న పని. కానీ పై పడవలవాళ్లు అరిచేవారు, "ఒరే ఇస్సాకూ, తమలపాకులు వాడిపోతున్నాయిరా!" కింది పడవలవాళ్లు అరిచేవారు, "ఒరే ఇస్సాకూ, చేపలు మెత్తబడుతున్నాయిరా!" గట్టు మీంచి అక్కడి అధికారి, లాకు పెద్దగారు అరిచేవారు, "ఒరే ఇస్సాకూ, నిద్రపోతున్నావా?"

మూడు వైపుల నుంచి మూడు అరుపులు.

ఇస్సాకు లేస్తూనే పరిగెత్తేవాడు. ముద్ద తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. పడుకున్నా చెవుల్లో అవే అరుపులు. గుండె దడ, చేతులు వణుకు. "కాసేపు కూచోవయ్యా," అనేది భార్య రూతమ్మ. "నేను కూచుంటే పడవలు కూచుంటాయా?" అనేవాడు.

ఒకనాడు సింహాద్రి అనే కుమ్మరి కుండల పడవ తెచ్చాడు. వెనకాల ఏడు పడవలు. అందరూ ఒకటే అరుపు. తూము కొంచెం కొంచెంగా ఎత్తాలి. ఇస్సాకు ఒక్కసారే ఎత్తేశాడు. నీళ్లు గుప్పున దూకాయి. పడవ గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. కుండలు పగిలాయి. పడవకీ గోడకీ మధ్య సింహాద్రి కుడిచెయ్యి నలిగిపోయింది.

కుమ్మరికి కుడిచెయ్యి పోతే ఇంకేముంది?

ఇస్సాకు మూడు రోజులు తినలేదు. మూడు రోజులు కన్ను మూయలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోనాడు పడవ మీద కృపమ్మగారు దిగింది. ఆవిడ ఊరూరా తిరిగి ఆడవాళ్లకి బైబిలు వాక్యం చెప్పే పెద్దావిడ. రూతమ్మ ఏడుస్తూ ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చింది.

"అమ్మగారూ, దేవుడు నన్ను తీసుకుపోతే బాగుండునండి," అన్నాడు ఇస్సాకు.

ఆవిడ కోప్పడలేదు. పక్కనే కూచుంది.

"పూర్వం ఒక ప్రవక్త కూడా అచ్చం ఇలాగే అన్నాడయ్యా. చెట్టుకింద కూలబడి, ఇక చాలు ప్రభువా, చంపెయ్ అన్నాడు. దేవుడు దూతని పంపాడు. దూత ఏమన్నాడనుకున్నావు?"

"తప్పు ఒప్పుకోమన్నాడాండి?"

"కాదు."

"లేచి పనికి పొమ్మన్నాడాండి?"

"అదీ కాదు. లేచి తినమన్నాడు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఆ తర్వాతే నడిపించాడు. ఈ ఒంటిని చేసిందీ ఆయనే కదయ్యా. ముందు తిను. తప్పు సంగతి తర్వాత చూద్దాం."

రూతమ్మ గంజన్నం, ఉల్లిపాయ తెచ్చింది. ఇస్సాకు ఏడుస్తూ తిన్నాడు. తిని పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి లేచాడు. లేచి మొహం కడుక్కుని, తిన్నగా సింహాద్రి ఇంటికి నడిచాడు.

"ఎందుకొచ్చావు?" అన్నాడు సింహాద్రి.

"మొహం చూపించడానికి వచ్చాను బాబూ. మొహం చాటేసి ఎలా ఉండను?"

సింహాద్రి కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు, "నా చెయ్యి పోయింది. నీ చెయ్యి వణక్కుండా చూసుకో. ఇంకొకడి చెయ్యి పోకూడదు."

క్షమించానని అనలేదు. ఇస్సాకూ అడగలేదు. ఆ మాటే పట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆనాటి నుంచి ఇస్సాకు తెల్లవారగానే గట్టు మీద తాడిచెట్ల దాకా నడిచేవాడు. దారిలో తన భయాలన్నీ పేరు పేరునా ప్రభువుకి పైకే చెప్పేవాడు. తిరిగొచ్చి రూతమ్మ పక్కన కూచుని, కడుపునిండా చద్దన్నం తినేవాడు. పొద్దుగూకితే చక్రానికి గొలుసు వేసి, "ప్రభువా, ఇక కాలవ నీది," అని మంచమెక్కేవాడు.

చక్రం దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాడు. పరలోకమందున్న మా తండ్రీ అని మొదలయ్యే పరలోక ప్రార్థన ఒకసారి పూర్తిగా చెప్పి, చక్రం ఒక చుట్టు తిప్పేవాడు. మళ్లీ ప్రార్థన, మళ్లీ చుట్టు. మూడోసారి ప్రార్థన, మూడో చుట్టు. అప్పటికి నీళ్లు కలిసేవి.

పడవలవాళ్లు నవ్వారు. తర్వాత తిట్టారు. "ఇది పనా, పూజా?" అన్నారు లాకు పెద్దగారు.

"పనేనండి. గబగబా చెబితే నీళ్లు కలవవండి. నెమ్మదిగా చెబితే కలుస్తాయండి."

పెద్దగారు మూడు రోజులు నిలబడి చూశారు. ఒక్క పడవా గోడకి తగల్లేదు. నాలుగోనాడు తన పని తాను చూసుకున్నారు.

అలాగని వణుకు పూర్తిగా పోయిందనుకోకండి. ఒక్కోనాడు వచ్చేది. వస్తే ప్రార్థన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం సూరన్న అనే రైతు పడవ తెచ్చాడు. పడవలో అతని భార్య నూకాలు. రెండు రోజులుగా నొప్పులు. పై ఊళ్లో దొరసానులు నడిపే మిషను ఆస్పత్రికి చేరాలి.

"ఎత్తెయ్! తూము మొత్తం ఎత్తెయ్!" అని సూరన్న కేక పెట్టాడు.

ఇస్సాకు చేతులు వణికాయి. ఈ తొందర ఉత్త తొందర కాదు. కానీ నలిగిన చెయ్యి కళ్ల ముందు ఆడింది. చక్రం గట్టిగా పట్టుకుని, మాట మాటకీ ఆగుతూ పైకే ప్రార్థన మొదలెట్టాడు.

సూరన్న గట్టు మీదికి దూకి చెంప పగలగొట్టాడు. ఇస్సాకు చక్రం వదల్లేదు.

"తమ్ముడూ, పడవ తిరగబడితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. నాతో కూడా చెప్పు."

"మీ ప్రార్థన నాకు రాదు!"

"నీకొచ్చిన దేవుణ్ణే తలుచుకో. ఊపిరి తీసుకుంటూ తలుచుకో."

ఒక ప్రార్థన, ఒక చుట్టు. రెండో ప్రార్థన, రెండో చుట్టు. పడవలోంచి నూకాలు మూలుగు తగ్గింది. మూడో ప్రార్థన, మూడో చుట్టు. నీళ్లు కలిశాయి. తలుపులు తెరుచుకున్నాయి. పడవని తాడుతో లాగేవాళ్లు గట్టు వెంట పరుగందుకున్నారు.

పది రోజులకి ఆ పడవ తిరిగొచ్చింది. నూకాలు ఒళ్లో ఆడపిల్ల. సూరన్న తలెత్తలేకపోయాడు. నూకాలే అంది, "అన్నా, నువ్వు మాట మాటకీ ఆగావు చూడు, ఆ ఆగినచోటల్లా నేను ఊపిరి తీసుకున్నాను."

ఇంకొన్నేళ్లకి సింహాద్రి కూడా ఆ లాకులోకి వచ్చాడు. పడవలో కుండలున్నాయి, అన్నీ కాస్త వంకర. ఎడమచేత్తో చేసినవి. మూడు ప్రార్థనలూ అయ్యేదాకా కదలకుండా కూచున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక కుండ గట్టు మీద పెట్టి వెళ్లాడు. ఇస్సాకు బతికినన్నాళ్లూ ఆ కుండలో నీళ్లే తాగాడు.

ఇస్సాకు పండుటాకులా రాలిపోయిననాడు పైన పడవలు ఆగాయి, కింద పడవలు ఆగాయి. ఒక్కరూ అరవలేదు.

ఇప్పుడు పడవలు లేవు. చక్రం తుప్పుపట్టింది. అయినా ఆ లాకు దగ్గరి ఊళ్లో ఎవడన్నా కంగారుపడితే, "నీళ్లు కలవనీరా," అంటారు. కష్టంలో ఉన్నవాడు గుమ్మంలోకొస్తే ముందు అన్నం పెడతారు, తర్వాతే సంగతి అడుగుతారు.

ఆ ఊరి గుళ్లో పరలోక ప్రార్థన ఎంత నెమ్మదిగా చెబుతారో మరెక్కడా చెప్పరు. ఆమధ్య పట్నం నుంచి ఒక కొత్త పాస్టరుగారు వచ్చారు. గబగబా చెప్పి, ఆమేన్ అన్నారు. ఎవరూ ఆమేన్ అనలేదు. కళ్లు తెరిచి చూస్తే, జనం ఇంకా ప్రార్థన మధ్యలో, అనుదినాహారం అనే మాట దగ్గరే ఉన్నారు. ముసలివాళ్లూ పిల్లలూ ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నారు.  పాస్టరుగారు మళ్లీ కళ్లు మూసుకుని, వాళ్లున్న మాట దగ్గర నుంచి అందుకున్నారు.