ధారపోసిన బొమ్మ

చాలా చాలా కాలం కిందట రంగవరం అనే రాజ్యాన్ని మణికంధరుడనే రాజు ఏలేవాడర్రా. మంచివాడే, కాకపోతే ఒట్టి భయస్థుడు. పిల్లలు తుమ్మితే వైద్యుణ్ణి పిలిపించేవాడు. తుమ్మకపోతే, ఎందుకు తుమ్మలేదని మళ్ళీ పిలిపించేవాడు.

ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు హేమకేతు, రెండోవాడు శంఖకేతు. మూడోవాడు నీలకేతు ఇంకా ఉయ్యాల్లోనే ఉన్నాడు.

కోట గోడ మీద ఒక పాత బొమ్మ ఉండేది. రాజుగారి ముత్తాత ఆవుల్నీ ధాన్యాన్నీ బట్టల్నీ దానం చేస్తున్న బొమ్మ అది. పైన ఆయన చెయ్యి, కింద పుచ్చుకునేవాళ్ళ చెయ్యి, మధ్యలో కలశం నుంచి సన్నటి నీటిధార. ధారపోస్తేనే దానం. పోశాక ఇక ఆ వస్తువు ఇచ్చినవాడిది కాదు. ముత్తాత మొదలుకొని ఏటా ఆ గోడ ముందు అలాగే దానాలు జరిగేవి.

మణికంధరుడు వాటిని మానేశాడు. ఊరూరి జనం కోటలోకి వస్తే పిల్లలకు దిష్టి తగులుతుందని, దగ్గులూ జలుబులూ అంటుకుంటాయని ఆయన భయం. కానీ దానాల పేరు పోకూడదు కదా. అందుకని చిత్రకారుల్ని పిలిపించి, గోడ మీది బొమ్మను గుడ్డల మీద అచ్చంగా అలాగే రాయించి, ఊరికొకటి పంపించాడు. ఒక్క మార్పు మాత్రం చెప్పాడు. పుణ్యం పిల్లలకు కూడా రావాలని, ముత్తాత పక్కన తన పెద్దకొడుకులిద్దర్నీ నిలబెట్టమన్నాడు. ఉయ్యాల్లోవాడు కుదురుగా ఉండడని వదిలేశారు.

ఊళ్ళలో జనం బొమ్మ చూశారు. ఒక ముసలమ్మ నవ్వి, "అన్నం బొమ్మలోనే పెట్టారుగా, తిని చేతులు కూడా అందులోనే కడుక్కుందాం పదండర్రా" అంది. ఆ మాట రాజుగారి దాకా రాలేదు.

ఒకరోజు ఒక బైరాగి కోటకు వచ్చి దానం అడిగాడు. గుడ్లగూబ కళ్ళవాడు. ఏమిచ్చి పంపాలా అని రాజు అటూ ఇటూ చూసి, మిగిలిపోయిన బొమ్మ ఒకటి తెప్పించాడు. ధార పోయనిదే దానం చెల్లదన్నాడు బైరాగి. పోయేదేముంది, నీళ్ళే కదా అనుకుని రాజు కలశం వంచాడు. గొప్పగా ఉంటుందని ఒక మాట కూడా కలిపాడు.

"ఈ బొమ్మనూ, ఇందులో ఉన్నవాటన్నిటినీ నీకు ధారపోశాను."

బొమ్మలోని ఆవులు ఎన్నడో చచ్చిపోయాయి. ధాన్యం ఎవరో ఎప్పుడో తినేశారు. బతికున్నవాళ్ళు ఇద్దరే. బైరాగి గుడ్డ చుట్టి చంకలో పెట్టుకోగానే, పెరట్లో ఆడుకుంటున్న హేమకేతు, శంఖకేతు మాయమైపోయారు. వాడు బైరాగి కాదర్రా, ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు ఉలూకాక్షుడు.

రాజు సైన్యాన్ని పంపుతానంటే పెద్దమంత్రి అడ్డుపడ్డాడు. దొంగిలిస్తే తెచ్చుకోవచ్చు, తమరే ఇచ్చారు కదా అన్నాడు. రాజు సైన్యాన్ని ఆపేశాడు.

నీలకేతు పెరిగి పెద్దవాడయ్యాడు. వాడికి మీసాలు వచ్చాక, తండ్రి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. చెప్పి, నువ్వొక్కడివే మిగిలావు, నువ్వు వెళ్ళకు నాయనా అన్నాడు. వాడు సత్తుపిండి మూట కట్టుకుని వెళ్ళాడు.

దారిలో ఆకలేస్తోందని ఒక తాబేలు అడిగింది. నీళ్ళు ధారపోసి పిండి పెట్టాడు. ఒక గద్ద అడిగింది. నీళ్ళు ధారపోసి పిండి పెట్టాడు. ఒక చీమ అడిగింది. మూట దులిపి పెట్టేశాడు. తాబేలు వాణ్ణి ఏడు సముద్రాలూ దాటించింది. గద్ద మంటల ప్రాకారం దాటించింది. లోపల మాంత్రికుడి ఇంట్లో ఒక పంజరం ఉంటే, మూటతోపాటే వచ్చిన చీమ దాని తాళంలోకి దూరి గడియ తప్పించింది. పంజరంలో చిలక, ఆ చిలకలో ఉలూకాక్షుడి ప్రాణం.

ఆ చిలకకు రోజూ జామకాయ కోసి పెట్టేది మంజీర, మాంత్రికుడు పెంచిన పిల్ల. నీలకేతు చిలక మెడ పట్టుకోవడం ఆమె చూసింది, గుడ్డ మీది పిల్లల పోలిక వాడిలో గుర్తుపట్టింది.

"చంపితే చంపు గానీ, ఆ తర్వాత మీ అన్నలు ఎవరి సొత్తు? ఇచ్చినవాడు అడగడానికి లేదు, పుచ్చుకున్నవాడు ఉండడు. రంగు వెలిసేదాకా గుడ్డ మీదే ఉంటారు" అంది.

అప్పుడే ఉలూకాక్షుడు పరుగెత్తుకొచ్చాడు. నీలకేతు మంజీరను కలశం తెమ్మన్నాడు. మాంత్రికుడి చెయ్యి కింద పెట్టించి, నీళ్ళు ధారపోసి, చిలకను వాడి చేతిలో పెట్టేశాడు.

"ఇదేమిట్రా? బేరం ఆడవేం?"

"బేరమాడితే అది దానం కాదు. చిలక నీదే. ఇప్పుడు నేనూ అడుక్కునేవాణ్ణే" అని నీలకేతు దోసిలి పట్టాడు.

ఉలూకాక్షుడు ఎన్ని దేశాల్లోనో అడుక్కున్నాడు గానీ వాణ్ణి అడిగినవాడు ఇంతవరకు లేడు. చెయ్యి పైన పెట్టడం ఎలాగో కూడా తెలియలేదు. మంజీర బొమ్మగుడ్డ తెచ్చి పరిచి, వాడి చేతిని పట్టి కలశం వంపించింది. గుడ్డ మీద నీళ్ళు పడ్డాయి. పిల్లలిద్దరూ కళ్ళు నులుముకుంటూ దిగారు. నిన్నూ ధారపోస్తానమ్మా అని మాంత్రికుడు మంజీరతో అంటే, ఆమె నవ్వి, "నన్నెవరూ పోయనక్కర్లేదు, నాకు కాళ్ళున్నాయి" అని నీలకేతు పక్కన నడిచింది.

కోట వాకిట్లో రాజు నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, చేతిలో కర్ర. పిల్లలు మాత్రం పోయినరోజు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు, మోకాళ్ళకు పెరటి మట్టితో సహా. శంఖకేతు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగాడు.

"నాన్నగారు ఎక్కడున్నారు తాతగారూ?"

నీలకేతే తమ్ముడిలా పక్కన కూర్చుని, మెల్లగా అంతా చెప్పాడు. మీసాలున్న తనే వాళ్ళను అన్నయ్యా అని పిలిచాడు, చివరిదాకా అలాగే పిలిచాడు. చదువులు చెప్పించి, ఎత్తుకుని తిప్పి పెంచాడు.

నీలకేతుకూ మంజీరకూ వైభవంగా పెళ్ళయింది. వాళ్ళు చాలా కాలం రాజ్యం చేశారు. ఏటా కోట తలుపులు తెరిచి, వచ్చినవాళ్ళందరికీ కడుపునిండా పెట్టారు. పిల్లలకు జలుబులు చేశాయి, తగ్గాయి.

ముసలిరాజు ఆ తర్వాత ఎక్కువకాలం లేడు. శంఖకేతు మళ్ళీ ఎప్పుడూ ఆయన్ని తాతగారూ అనలేదు, నాన్నగారనే పిలిచాడు. కానీ వాడు పిలవబోయిన ప్రతిసారీ ముసలాయన ఆ మొదటి అక్షరం వినేదాకా ఊపిరి బిగబట్టుకునేవాడు.