పాటకి పథ్యం

ఆ అడవిలో పులికి నిద్ర పట్టడం మానేసింది. నిద్ర లేక తలపోటు, తలపోటుతో చిరాకు, ఆ చిరాకులో వేటకెళితే పంజా ఒకచోట, జింక ఇంకోచోట. ఇక ఊరికే అరిచి అరిచి అడవినంతా హడలగొట్టేది. దాని ఎంగిలి తిని బతికే నక్కకి పొట్ట వీపుకంటుకుపోయింది.

పైన గుట్ట మీద మాచవ్వ అనే ముసలి మేక ఉండేది. పులి గాండ్రింపులకి దాని మనవలు పాలు కూడా తాగకుండా బండ కింద దూరి వణికేవి. పిల్లలు చిక్కి సగమవుతుంటే మాచవ్వకి కడుపు తరుక్కుపోయేది. అలాంటప్పుడు నక్క వచ్చి, దొరగారిది ఒంటి జబ్బు కాదు, మనసు కుదురు తప్పిన జబ్బు, దానికి సంగీతం తప్ప మందు లేదు, నీ జోలపాట నాలుగు సాయంత్రాలు వినిపిస్తే అందరికీ పీడ వదులుతుందని చెప్పింది. నీ ప్రాణానికి నాది పూచీ అని ఒట్టు కూడా వేసింది. నక్క ఒట్టు సంగతి మాచవ్వకి తెలియనిది కాదు. అయినా మనవల మొహాలు చూసి బయల్దేరింది.

మొదటి సాయంత్రం మాచవ్వ కాస్త ఎడంగా నిలబడి జోలపాట ఎత్తుకుంది. పులి గుర్రుమంది, కాసేపు వింది, ఆవులించింది, పంజా మీద తల పెట్టుకుని పడుకుంది. వారం తిరిగేసరికి తలపోటు పోయి మొహం తేటపడింది. ఎదురొచ్చిన కుందేలుని బాగున్నావా అని కూడా అడిగింది. కుందేలు సమాధానం చెప్పడానికి ఆగలేదు.

ఆ సాయంత్రం పాట అయ్యాక పులి ఒళ్ళు విరుచుకుని ఆకలేస్తోందంది. నక్క మూతి నాక్కుంటూ మేకవైపు చూపించింది. దాని ఎత్తు మొదట్నుంచీ ఇదేనని మాచవ్వకి తెలిసిపోయింది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు.

"మందు గుణమిచ్చింది, సంతోషం దొరా. పథ్యం చెప్పడమే మరిచిపోయాను."

"పాటకి పథ్యమేమిటి?" అంది పులి.

"మందన్నాక పథ్యం ఉండదా? పాడినవాళ్ళనీ, వాళ్ళ పిల్లాజెల్లనీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రేపు పాడేదెవరు? మళ్ళీ అదే తలపోటు."

పులి ఆ నిద్రలేని రాత్రులు తలుచుకుని, పాపం నిజంగానే భయపడింది. ఇంకెన్నాళ్ళు పస్తులని నక్కకి ఒళ్ళు మండిపోయింది. ఈ ముసల్దాని మాటలు పట్టించుకోకండి, దీన్ని కానిచ్చేయండి, రేపట్నుంచి నేనే పాడతానంటూ అక్కడికక్కడే మెడ పైకెత్తి ఊళ వేసింది. బాగా మనసుపెట్టి వేసింది. పులికి పోయిన తలపోటు కణతల్లోకి తిరిగొచ్చింది.

"అవ్వా, నీ పథ్యంలో వీడు కూడా వస్తాడా?" అని కళ్ళు మూసుకునే అడిగింది పులి.

మాచవ్వ నక్కని ఎగాదిగా చూసింది.

"పాడినవాళ్ళ వరకే దొరా. ఇతను పాడలేదుగా."

మాచవ్వ గుట్టెక్కేసరికి కింద పులి కడుపునిండా తిని గురక పెడుతోంది, పైన మనవలు తల్లుల దగ్గర పాలు తాగుతున్నాయి.

నీతి అడుగుతారా, చెబుతాను: హాయిగా నిద్రపుచ్చే గొంతు మీద కన్నేసేవాడు ముందు తన గొంతు సంగతి చూసుకోవాలి.