ఏనుగు నోట్లో చెయ్యి

రాజుగారి ఏనుగులకి వైద్యుడు కావాల్సి వచ్చి కోటలో పరీక్ష పెట్టారు. పరీక్షకులు ఒక జోస్యుడు, ఒక కవి, ఒక తర్కపండితుడు. ఏనుగుని ఊరేగింపులో చూడ్డమే తప్ప ముగ్గురూ ముట్టుకున్న పాపాన పోలేదు. శ్లోకాలు రాలేదని అప్పటికే నలుగురు పనిమంతుల్ని పంపేశారు.

ఐదోవాడు గొడ్లవైద్యం చేసే పోలయ్య. పట్టపుటేనుగు నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, "దవడపన్ను పుచ్చింది" అన్నాడు.

"రుజువేమిటి?" అన్నాడు తర్కపండితుడు.

"తమరూ చెయ్యి పెట్టి చూడండి బాబూ."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పన్ను పుచ్చిన మాట నిజమేనని, నిలబడ్డ చోటినుంచే యోగ్యతాపత్రం రాసిచ్చేశారు.

పోలయ్య ఆ పత్రాన్ని రాజుగారి ముందు పెట్టాడు. "ఏనుగు పళ్ళన్నీ గట్టివే ప్రభూ. మావటిని అడగండి."

మావటి నవ్వాపుకుంటూ తలూపాడు.

"మరి పరీక్ష ఎవరు పెట్టాలంటావు?" అన్నారు రాజుగారు.

"ఏనుగునే పెట్టమనండి ప్రభూ. దానికీ శ్లోకాలు రావు."