చేదుదుంప తీగ ఎడమకు తిరిగిన కథ

ఒకప్పుడు నల్లమల అడవిలో తీపిదుంప తీగేదో, చేదుదుంప తీగేదో ఎవరికీ తెలిసేది కాదు. అవి అక్కాచెల్లెళ్లు. రెంటికీ తమలపాకులాంటి ఆకులే, సన్నటి కాడలే. చెట్టు దొరికితే చాలు, ఎటుబడితే అటు చుట్టుకుంటూ పైకి పాకేవి.

చెంచులు తీగను చూసేవాళ్లు కాదు, గుంటను గుర్తుపెట్టుకునేవాళ్లు. దుంప తవ్వుకున్నాక తీగ మొలిచే దుంప తలను మళ్లీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పడం వాళ్ల ఆచారం. తల ఉంటే ఏడాదికల్లా దుంప మళ్లీ ఊరుతుంది. నేరేడు కింది గుంట తీపి, పుట్ట పక్క గుంట చేదు. తీపిదాన్ని కాల్చుకుని తినడమే. చేదుదాన్ని ముక్కలు కోసి, ఉడికించి, బుట్టలో వేసి ఒక రోజంతా పారే వాగులో ఉంచాలి.

గూడెంలో అందరికంటే ఎక్కువ గుంటలు ఈదమ్మ అవ్వకు తెలుసు. ఆ సంగతి అడగకపోయినా చెప్పేది. ఒక ఏడు ఆమె ఆ రెండు గుంటలూ తవ్వేసరికి వాన విరుచుకుపడింది. గబగబా తలలు పూడ్చేసి ఇంటికి పరుగెత్తింది.

మరుసటేడు నేరేడు కింది దుంప తీసి, కాల్చి, మనవరాలు మంగికి పెట్టింది. పిల్ల రెండు ముక్కలు తిని వాంతులు చేసుకుంది. రెండు రోజులు లేవలేదు. మూడోనాడు లేచి కూర్చుంది గానీ, అవ్వ ఏ దుంప పెట్టబోయినా పళ్లు బిగబట్టింది. ఆకలిగా ఉన్న పిల్ల తన చేతికి భయపడుతుంటే ఈదమ్మకు గుండె తరుక్కుపోయింది.

తీపి గుంట చేదెట్లా అయింది? అది తేలేదాకా తవ్వుకర్ర ముట్టనని అడవికి పోయింది. ఆకులు నలిపి వాసన చూసింది. కాడలు గోటితో గీరింది. ఆకు వెనక్కి తిప్పి ఈనెలు లెక్కపెట్టింది. ఏం తేడా కనబడలేదు. దారిన పోయే ఏదుపందిని అడిగింది. కొరికి చూస్తాను, చేదైతే ఉమ్మేస్తాను, అంతకుమించి నాకు తెలియదని అది ముళ్లు గలగలలాడించుకుంటూ పోయింది.

చివరికి తీగలనే అడిగింది. "మీలో చేదెవరు?"

"నేనే అవ్వా," అంది చేదుదుంప. "పోయినేడు వానలో నా తల తెచ్చి చెల్లి గుంటలో పెట్టినావు. నీ మనవరాలు తిన్నది నన్నే."

ఈదమ్మ సిగ్గుతో కూలబడింది. గుంటలను నమ్ముకుంది గానీ తీగను ఒక్కనాడూ సరిగా చూసిన పాపాన పోలేదు. ఇకనుంచి మీరే వేరువేరుగా కనబడండని రెంటినీ బతిమాలింది.

తీపిదుంప వెనకాడింది. తెలిసిపోతే తననొక్కదాన్నే తవ్వి తవ్వి చంపుతారని దాని భయం.

"నా చేదంటే వాగులో పోతుంది చెల్లీ," అంది అక్క. "పిల్లను ఏడిపించిన పేరు ఏ వాగులో కడుక్కోను? తెలిస్తే నేనూ కూడే. తెలియకపోతేనే కీడు."

చెల్లి ఒప్పుకుంది. తన తల గుంటకు చేరకుండా ఎవరూ ఇల్లు చేరకూడదని మాత్రం మాట తీసుకుంది.

ఈదమ్మ రెండు కర్రలు పాతింది. తీపిదాని లేతకొనను కుడిచేత్తో కర్రకు చుట్టింది, అది తినే చెయ్యి కనక. చేదుదాన్ని ఎడమచేత్తో చుట్టింది, అది కడిగే చెయ్యి కనక. ఆ చేతుల వేళ్లు కర్రను ఎటు చుట్టుకున్నాయో ఆ తీగలూ అటే తిరిగాయి.

తరువాత మంగిని తీసుకొచ్చి చూపించింది. పిల్ల బొటనవేలు పైకి పెట్టి కుడిచేత్తో ఒక కర్రను పట్టుకుంది. వేళ్లను చూసుకుంది, తీగను చూసింది. మళ్లీ వేళ్లను చూసుకుంది.

"ఇది తినేది," అంది.

తనే తవ్వింది. కాల్చాక మొదటి ముక్క అవ్వ నోట్లో పెట్టి, ఆమె మింగేదాకా చూసి, అప్పుడు తనూ తింది.

అప్పటినుంచే తీపిదుంప తీగ కుడికి, చేదుదుంప తీగ ఎడమకు చుట్టుకుంటున్నాయి. గుంటలు ఎన్ని మారినా ఆ చుట్టు మాత్రం ఈనాటికీ మారలేదు.