అరగదీత

ముత్యపుచిప్పల మీద మరియమాత రూపాన్ని చెక్కే ఇన్నయ్యకు ఒక అలవాటు ఉండేది. శిష్యురాలు లూర్దమ్మ ఏదడిగినా శ్రద్ధగా వినేవాడు. జవాబు మాత్రం చేతికి తగిన పని తగిలిన నాడే వచ్చేది.

సముద్రపుటొడ్డున ఉన్న మాత గుడికి వచ్చే యాత్రికులు ఆయన చెక్కిన బిళ్లలను కళ్లకద్దుకొని కొనుక్కుపోయేవారు. చిప్ప మీది గరుకు పెంకును గీరి, లోపలి మెరుపును పొరపొరగా మేల్కొలిపి, బియ్యపుగింజంత ముఖంలో కరుణ పలికించడం ఆ చేతులకే చెల్లింది. చిట్టచివరి పనిని ఆ ఇంట అరగదీత అనేవారు: తడిబూడిద అద్దుకొని బొటనవేలితో రుద్దడం. ఐదేళ్లుగా లూర్దమ్మ "అయింది తాతా" అన్నప్పుడల్లా ఆయన "ఇంకా అరగదియ్యి" అనేవాడు. ఒకనాడు ఆమె విసిగి, "పని ముగిసిందని అసలు ఎప్పుడు తెలుస్తుంది?" అని అడిగింది. ఆయన ఇంకో చిప్పను గీరడం మొదలుపెట్టాడు.

మాత పండుగ ముందటి ఉదయం పల్నాడు నుంచి శౌరమ్మ అనే ఆవిడ వచ్చి, కొంగుముడి విప్పి, ఒక పాత బిళ్లను ముందుంచింది. బాలయేసు కాలివేళ్లను చూసి అది తాను చెక్కినదేనని ఇన్నయ్య పోల్చుకున్నాడు. బాలుడు చెక్కుచెదరలేదు. తల్లికి మాత్రం ముఖమే లేదు.

"మా అత్త మంత్రసాని. కాన్పు కష్టమైన ప్రతి ఇంటా దీన్ని ఆ తల్లి గుప్పిట్లో పెట్టేది. ఇప్పుడు మా కోడలికి నెలలు నిండాయి. చేతికిస్తే, 'ఏంటత్తా, ఈ మాత ఒలిచిన ఉల్లిపాయలా ఉంది' అని నవ్వుతోంది. ముక్కూమొహం పెట్టివ్వండయ్యా. ఆ పిల్ల వట్టి చేతులతో పురిటికి పోకూడదు."

ఇన్నయ్య బిళ్లను శిష్యురాలి వైపు జరిపాడు. "నువ్వు చెయ్యమ్మాయ్. ఇది కుదిరిందా, రేపటినుంచి 'అయింది' అనడం నీ ఇష్టం."

లూర్దమ్మ ఆత్రంగా ముందుకు జరిగింది. ఉలి అందుకొని, బిళ్లను కిటికీ వెలుగుకు ఎత్తింది. ముఖమున్న చోట చిప్ప ఎంత పలచనయిందంటే, అవతల తన వేలి నీడ కనబడింది. ఉలి ఏమాత్రం ఒత్తినా చిల్లు పడుతుంది. అయినా పైపైన నాలుగు గీతలు గీయగల నేర్పు తనకుంది. పట్టు కోసం బొటనవేలు ఆనించింది. ఎవరో జరిగి చోటిచ్చినట్టు, అది అక్కడి పల్లంలో ఒదిగి కూర్చుంది. అంతటి నునుపు ఆమె చేతికి ఐదేళ్లలో ఒక్కనాడూ రాలేదు.

ఆమె ఉలి కింద పెట్టేసింది.

"నేను చెక్కలేనమ్మా."

"ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా! ఏం నేర్పారయ్యా ఈ పిల్లకి, బూడిద పులమడమా?"

లూర్దమ్మ శౌరమ్మ చేతిని అందుకొని, బొటనవేలిని ఆ పల్లంలో ఉంచింది. "మీ కోడలికి చూపించకండి. కళ్లు మూసుకొమ్మని ఇలా పట్టించండి."

శౌరమ్మ వేలు అక్కడే నిలిచిపోయింది. "నా కొడుకు పుట్టిన పూట ఇక్కడే కదూ నొక్కిపట్టాను" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. బిళ్లను కళ్లకద్దుకొని, కొంగున ముడివేసుకొని వెళ్లిపోయింది.

"తాతా, ఇంతకీ ఆ బిళ్ల ముగిసినట్టా, చెడినట్టా?" అని అడిగింది లూర్దమ్మ.

ఇన్నయ్య ఆవిడ పోయిన దారి వంక చూశాడు.

"నలభై ఏళ్ల కింద నేను మొదలుపెట్టానంతే అమ్మాయ్. ఆ ఊరి తల్లులు ఇంకా పని మీదే ఉన్నారు."