సన్యాసమ్మ దివాలా

సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న రాజ్యంలో, ఉప్పు పండించుకు బతికే సన్యాసమ్మ అనే ఆవిడ ఉండేది. ఒక ఏడు, వేసవిలో ఉప్పు అమ్మిన డబ్బంతా పాత అప్పులకే పోయింది. మిగిలిన ఉప్పు రాశిని తొలకరి వాన కరిగించేసింది. అప్పులవాళ్లు ఇంటి మీద పడ్డారు. దివాలా తీసినట్టు రాజుగారి అధికారి అమీను రాసిస్తేనే ఇల్లు దక్కుతుంది.

అమీను వాగు దాటి ఊళ్లోకి వచ్చి, లెక్క చూసి, "గడిచిన ఆరు నెలల్లో నీకు బాగానే ఆదాయం వచ్చిందే! దివాలా కుదరదు" అన్నాడు.

"ఇప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదు బాబూ!"

"ఇప్పటితో చట్టానికి పనిలేదు. ఆ ఆరు నెలల్లో ఎలా ఉంటే ఇప్పుడూ అలా ఉన్నట్టే."

"పోనీ, ఇంకో ఆరు నెలలాగి అడగనా?"

"అప్పటికి మళ్లీ ఉప్పు అమ్ముతుంటావుగా!"

సన్యాసమ్మకు బుర్ర తిరిగిపోయింది. తనకు ఉన్నట్టా, లేనట్టా? ఆలోచిస్తూనే, తిరిగి వెళుతున్న అమీను వెంట వాగు దాకా నడిచింది. వాగు పొంగి సుడులు తిరుగుతోంది.

"పడవ తెప్పించరా!" అని అమీను బంట్రోతు మీద కేకేశాడు.

"ఎండిన వాగుకి పడవెందుకు బాబూ?" అంది సన్యాసమ్మ. "గడిచిన ఆరు నెలల్లో ఇందులో చుక్క నీరు లేదు. ఊరంతా సాక్ష్యం. నడిచెళ్లండి."

అమీను ఒక కాలు ముందుకు పెట్టి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. అయోమయంగా బంట్రోతు వైపు తిరిగాడు.

"ఒరేయ్, వాగులో నీళ్లున్నాయా, లేవా?"

"చట్టం ప్రకారమా అండీ, కళ్ల ప్రకారమా?"

అమీను గట్టు మీదే కూలబడి దివాలా కాగితం రాశాడు. ఆ తర్వాతే పడవొచ్చింది.